ఆటకై గీసిన రాయి

శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని జయించిన పిమ్మట ఆ దుర్గముయొక్క పాలనభారము మహామంత్రి తిమ్మరుసు మేనల్లుడైన నాదెండ్ల గోపమంత్రికి లభించెను. నేటి పల్నాడు జిల్లాలో, చిలకలూరిపేటకు చేరువను, పత్తియు మిరపయు పండెడి నల్లరేగడి నేలలో నున్న నాదెండ్ల గ్రామము పేరే ఆయన ఇంటిపేరు. కోట, సైన్యము, సుంకములు, తగవులు అను ఇన్ని వ్యవహారముల నడుమ మెలగుచునే ఆ మంత్రి, పదునొకండవ శతాబ్దిలో కృష్ణమిశ్రుడు రచించిన ప్రబోధచంద్రోదయ నాటకమునకు సంస్కృతమున ‘చంద్రిక’ యను వ్యాఖ్యను సంతరించెను. ఆ నాటకమున ప్రధానపాత్రలు మనుష్యులు కారు. మోహము ఒక రాజు, వివేకము వేరొక రాజు. దంభము, అహంకారము, శాంతి, శ్రద్ధ మొదలగునవి వేషములు దాల్చి రంగమునకు వచ్చును, కలహించును, ఓడును, గెలుచును. కడపట ప్రబోధమను చంద్రుడు ఉదయించును. మాయను తొలగింపవలసిన జ్ఞానమును మాయలోనిదే యైన వేషధారణముచేత బోధించిన కృతి యది. దానికి వ్యాఖ్య వ్రాసినవాడు లోకమును విడిచి గుహలో కూర్చున్న విరాగి కాడు, ఒక సీమను ఏలినవాడు. జగత్తు చిత్తరువువంటిదని నమ్మిన బుద్ధియు, ఆ జగత్తులోని కోటగోడకు పగులు వచ్చినచో మరమ్మతు చేయింపుడని ఆజ్ఞ యిచ్చెడి బుద్ధియు ఒకే మనుష్యునియందు ఎట్లు ఇమిడినవి? ప్రపంచము నిజముగా చిత్తరువే యైనచో ఆ చిత్తరువునెడ మనకుండవలసిన శ్రద్ధ యెంత?

ఈ ప్రశ్నకు సమాధానమును నేను శాస్త్రగ్రంథములలో వెదకితిని. అంతకంటె మిక్కిలిగా, మన పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి ఆటలకొరకు బొమ్మలు గీసికొనెడి పనిలో వెదకితిని. ఆ పని చూచుటకు అల్పము. 1984లో బిల్ అట్కిన్సన్ మాకింటోష్ యంత్రమునకై మాక్‌పెయింట్ నిర్మించెను. మరుసటి సంవత్సరమున విండోస్ తొలిరూపముతోబాటు పెయింట్ అను ఉపకరణము వెలువడెను. నాటినుండి నేటివరకు ఏ పాఠశాలలోని కంప్యూటరును తెరచినను అందు ఏదో యొక రూపమున అట్టి చిత్రలేఖన సాధనము ఉండనే యుండును. పెద్దలు దానిని పిల్లల కాలక్షేపముగా నెంచుదురు. అందు ఒక రాతిగోడను గీయ మొదలిడినవానికి మాత్రము వేదాంతులు శతాబ్దములుగా వాదించిన విషయములలో అనేకము ఒక్కొక్కటిగా ఎదురగును.

ఆటలో గోడ యనగా గోడ అంతయు గీయబడదు. ఒక చదరమును గీయుదురు. దానినే ప్రక్కప్రక్కల, పైన క్రింద పరచి గోడగా కనబడునట్లు చేయుదురు. ఆ చదరమును టెక్స్చర్ అని గాని టైల్ అని గాని వాడుకలో పిలుతురు. అడ్డము 64, నిలువు 64 చుక్కలు గల చదరములో మొత్తము 4,096 చుక్కలుండును, వీనినే పిక్సెళ్లందురు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటిలో ఒక్కొక్కటి 256 తరగతులుగా కలియుటవలన 1,67,77,216 రంగులలో ఏదైనను ఈయవచ్చును. ఇన్ని రంగులు చేతిలో నున్నను మంచి చిత్రకారుడు పదింటికి మించి వాడడు. మొదట బొగ్గు నీళ్లు కలిపిన బూడిదరంగును ఫిల్ సాధనముతో ఆ చదరమంతయు నింపును. అది ఇంకను రాయి కాదు, రంగు మాత్రమే. తరువాత దానికంటె కొంచెము ముదురు చుక్కలను, కొంచెము లేత చుక్కలను స్ప్రేతో అక్కడక్కడ చల్లును. అప్పుడు గరుకుదనము పుట్టును. చేతితో తాకినచో అద్దమువలె నున్నగా నుండు ఆ తెరపై, కంటికి మాత్రము గరుకుదనము కలుగును. స్పర్శకు సంబంధించిన గుణమును దృష్టికి అందించుటయే ఈ పనియొక్క మర్మము. పిడుగురాళ్ల, మాచర్ల ప్రాంతముల నాపరాళ్లు చూచి పెరిగిన పిల్లవాడైనచో ఆ బూడిదరంగులో ఇంచుక నీలమును కలుపును; వేసవిలో నెఱ్ఱెలు విచ్చిన రేగడినేలను గీయవలసి వచ్చినపుడు ఒక్క చుక్క మందముగల నల్లని గీతను వంకరగా నడిపించి, దానిప్రక్క మరియొక లేతగీతను పెట్టును. ఆ రెండవ గీత లేనిచో నెఱ్ఱె లోతుగా కనబడదు.

అసలు విశేషము వెలుతురులో నున్నది. ఒక్కొక్క రాతి పైయంచునను ఎడమయంచునను లేతరంగు గీతను, క్రిందియంచునను కుడియంచునను ముదురు గీతను పెట్టినచో ఆ రాయి గోడనుండి ముందునకు పొడుచుకొని వచ్చినట్లు కనబడును. అవే గీతలను తారుమారు చేసినచో అదే రాయి గుంటయై లోనికి పోవును. చుక్కల సంఖ్య మారలేదు, రంగులు మారలేదు. వెలుతురు ఏ దిక్కునుండి పడుచున్నదని మన మనస్సు భావించినదో ఆ భావనను బట్టి ఉబ్బు పల్లమైనది. చిత్రకారుడు ఎన్నడును గీయని సూర్యుడొకడు ఆ చదరమునకు వెలుపల, పైన ఎడమప్రక్కను ఉన్నాడు. ఆ అదృశ్య సూర్యుని విషయమున ఆటలోని ప్రతి వస్తువును ఏకాభిప్రాయము కలిగియుండవలెను. గోడకు ఎడమనుండి, తలుపునకు కుడినుండి వెలుతురు పడినచో ఆడువానికి కారణము తెలియకయే ఆ లోకముపై నమ్మకము సడలును.

చదరములను పరచినపుడు అతుకు కనబడకుండుట మరియొక కష్టము. విడిగా చూచినపుడు చక్కగానున్న చదరము, నాలుగింటిని చేర్చునప్పటికి అంచులయొద్ద అడ్డగీతలు, నిలువుగీతలు తేలి గళ్లదుప్పటివలె అగపడును. దీనికి చిత్రకారులు కనుగొన్న ఉపాయము మనోహరమైనది. చదరమును నాలుగు పాళ్లుగా కోసి మూలమూలలకు వానిని మార్చుదురు: పై ఎడమది క్రింది కుడికి, పై కుడిది క్రింది ఎడమకు. ఇంతవరకు అంచులందు దాగియున్న అతుకు అప్పుడు నట్టనడుమ సిలువవలె బయటపడును. దానిని అక్కడ ఓపికతో మాన్పుదురు. క్రొత్తగా అంచులైనవి మునుపటి నడుమభాగములే కావున అవి తమంత తాము కలిసిపోవును. దోషమును మూలకు నెట్టి దాచుట కాక, దానిని నడిమికి తెచ్చి చూచి సరిచేయుట యిది. మాయాలోకమును కట్టువానికి అందులోని లోపమునెడ ఇంత నిర్దాక్షిణ్యమైన నిజాయితీ వలయును!

ఇపుడు శాస్త్రమువంకకు తిరిగెదను. పదునాలుగవ శతాబ్దికి చెందిన విద్యారణ్యస్వామి తన పంచదశిలో ఆరవ ప్రకరణమునకు చిత్రదీపమని పేరిడి, జగత్తును చిత్రపటముతో పోల్చి విచారించెను. పటమునకు నాలుగు అవస్థలని ఆయన చెప్పెను: ఉతికి తెల్లనైన బట్ట, గంజి పట్టించి గట్టిపరచిన బట్ట, నల్లని రేఖలు వ్రాసిన బట్ట, రంగులు నింపిన బట్ట. వీనికి క్రమముగా శుద్ధచైతన్యమును, అంతర్యామిని, సూత్రాత్మను, విరాట్టును సరిపోల్చెను. ఇది ఊహలోనుండి పుట్టిన పోలిక కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు నేటికిని ముతక నూలుబట్టను ఉతికి, కరక్కాయరసమునందు గేదెపాలు కలిపి అందులో ముంచి ఆరవేసి, ఇనుపతుక్కును బెల్లపునీటిలో ఊరబెట్టి తీసిన కసిమితో రేఖలు దిద్ది, ఆ తరువాతనే పటికయు రంగులును పూయుచున్నారు. వేదాంతి చెప్పిన నాలుగు అవస్థలును మన చేతిపనివారి పెరటిలో ఎండకు ఆరుచున్నవి.

పెయింటులో గీయువానికి ఈ నాలుగింటిలో మొదటిది ఎక్కడ నున్నది? తెరవగానే కనబడెడి తెల్లని చదరమే ఉతికిన బట్ట యని తోచును. ఆ తోచుట పొరపాటు. తెలుపు కూడ ఒక రంగే. ఆ చుక్కలలో మూడు వర్ణములును తమ పూర్ణస్థాయియైన 255కు చేరియున్నవి. పెయింటులోని రబ్బరు గీసినదానిని చెరుపుననుకొందుము గాని అది చెరుపదు, వెనుకటిరంగును పైన పూయును. నేతి నేతి, ఇది కాదు ఇది కాదు, అనుచు ఒక్కొక్కటియే తుడిచివేసి, చివరకు మిగిలిన తెలుపును చూచి ఇదియే అన్నిటికిని ఆధారమైన అధిష్ఠానమని సంబరపడువాడు ఇంకను చిత్రములోనే యున్నాడు. ఇదే పల్నాటిసీమలో, మాచర్లకు ఆవల కృష్ణాతీరమున నాగార్జునకొండతో సంప్రదాయము ముడివేసిన ఆచార్య నాగార్జునుడు ఈ ప్రమాదమును ముందుగనే కనిపెట్టి, సర్వము శూన్యమని చెప్పిన తరువాత, ఆ శూన్యతనే ఒక పదార్థముగా పట్టుకొని వ్రేలాడువారికి మందు లేదని హెచ్చరించెను. అద్వైతి అధిష్ఠానమున్నదనును, నాగార్జునుని మార్గమువాడైన మాధ్యమికుడు ఆ మాటను కూడ ఒప్పుకొనడు. వారి వివాదము పెద్దది, దానిని ఇచట తీర్చుట నా పని కాదు. చెరిపివేతచేత పరమార్థము దొరకదని మాత్రము ఇరువురును అంగీకరింతురు. వెనుకదీపముగల తెరలో తెలుపునకును నలుపునకును వెనుక సమముగా వెలుగుచున్న కాంతి, ఏ రంగును తానై యుండక, ఏ రంగును విడిచి యుండక ఉన్నది. దానిని చూచుటకు బొమ్మను తుడువ నక్కరలేదు.

నామరూపములనుగూర్చి ఒక్కమాట. 1985లో నింటెండో సంస్థ వెలువరించిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో బొమ్మలకు దక్కిన జాగా 8 కిలోబైట్లు మాత్రమే. కావున ఆకాశమున తేలెడి మేఘమునకును నేలపై మొలచిన పొదకును శిల్పులు ఒకే ఆకృతిని వాడిరి. తెల్లరంగు తొడిగినచో మేఘము, పచ్చరంగు తొడిగినచో పొద. లోకమంతట కోట్లమంది ఆ ఆటను ఆడియు అనేకులు ఈ సంగతిని ఏండ్ల తరబడి గుర్తింపలేదు. మట్టి యొక్కటే, కుండలు మూకుళ్లు మాటలలోని భేదములే యని ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారునకు ఉపదేశించిన దానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు కనబడలేదు.

చిత్రదీపములోనే మరియొక సూక్ష్మమున్నది. దానిని చదివినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. పటమునందు చిత్రించిన మనుష్యులకు చిత్రకారుడు వస్త్రములను కూడ చిత్రించును. అవి ఆధారమైన నిజపు బట్టను పోలియుండును గాని చలిని ఆపవు. అదే పటములోని కొండలకు, రాళ్లకు వస్త్రములు చిత్రింపడు. ఆ విధముగనే చైతన్యమునందు కల్పితములైన దేహములలో జీవులకు మాత్రమే చైతన్యముయొక్క ఆభాస కలదు, జడములకు లేదు. ఆటలో ఇది ప్రత్యక్షము. గోడయు చుక్కలే, గోడదూకెడి వీరుడును చుక్కలే. వీరుని చుట్టునున్న ఖాళీకి మెజెంటావంటి ఒక రంగును పూసి, ఆ రంగు కనబడరాదని ఆటకు చెప్పుదురు. కాలు ఎత్తిన బొమ్మ, కాలు దించిన బొమ్మ అని రెండు మూడు గీసి వెంటవెంటనే మార్చుదురు. అంతమాత్రమున వాడు నడచును. తోలుబొమ్మలాటవారు కీళ్లు కుట్టి, వెనుక దీపముంచి చేసిన పని యిదియే. కాని గోడ కూలినపుడు ఊరకుండెడి పిల్లవాడు, వీరుడు గోతిలో పడగానే “నేను చచ్చిపోయాను” అనును. బొమ్మ చచ్చినదని అనడు. కుర్చీలో క్షేమముగా కూర్చుండియే తన మరణమును తానే ప్రకటించును. నాలుగువందల చుక్కల బొమ్మయందు ఆ బాలుని ‘నేను’ ప్రతిఫలించినది. శంకరులు అధ్యాసమని పేర్కొన్నది ఇదే గదా!

ఇక ప్రధానమైన చిక్కు. పరమేశ్వరుడు ఆప్తకాముడు, ఆయనకు కోరదగినది లేదు, మరి సృష్టి యేల చేసెను అను ఆక్షేపణకు బ్రహ్మసూత్రములలో 2.1.33వ సూత్రము, లోకమునందువలెనే ఇదియు కేవలము లీల యని సమాధానము చెప్పును. శంకరభాష్యము అచట ఇచ్చిన దృష్టాంతము, కోరికలన్నియు తీరిన రాజో రాజమంత్రియో ప్రయోజనమును ఆశింపక విహారములలో ప్రవర్తించుట. మంత్రిని దృష్టాంతముగా పెట్టుట చూచినపుడు నాకు గోపమంత్రి గుర్తునకు వచ్చును. లీల యను ఆ మాట ననుసరించి కొందరు, జగత్తు ఆటయే గదా, ఇందలి కష్టసుఖములకు విలువయేమి, అంతా మాయ అని చేతులు దులుపుకొందురు. పొరుగువాని పంట ఎండినపుడు ఈ వేదాంతము వారి నాలుకపై సులభముగా ఆడును. తమ పంట ఎండినపుడు ఆడదు.

ఈ వైఖరి రెండువిధముల తప్పు. లీల యనగా అశ్రద్ధ యని వీరు భావించుట మొదటి తప్పు. ఫలాపేక్ష లేని పనియందే శ్రద్ధ పరిపూర్ణమగునని ఆటబొమ్మలు గీయు పిల్లవానిని గమనించినవారికి తెలియును. ఎవరును అడుగకయే, ఎవరును వెల ఈయకయే, ఒక గీతను ఒక చుక్క ఎడమకు జరిపి, మరల చూచి, మరల జరిపి వాడు పడెడి పాటు కూలికి చేయువాడు పడగలడా? కావుననే ఆ లీలాసూత్రమునకు తరువాతి సూత్రము, ఈశ్వరునియందు పక్షపాతమును నిర్దయయును లేవని ప్రత్యేకముగా స్థాపింపవలసి వచ్చెను. వాన అన్ని విత్తనములకును సమముగా కురియును, మొలకలలోని భేదము విత్తనములది యని భాష్యకారులు వివరించిరి. ఆటలో గోడ ఒకనికి గట్టిదై మరియొకనికి మెత్తనైనచో అది ఆటయే కాదు. భగవద్రామానుజులు మాయను అసత్యమని అంగీకరింపరు. అది ఆశ్చర్యకరమైన వస్తువులను నిజముగా సృజించు భగవచ్ఛక్తి యని వారి సిద్ధాంతము. మిథ్య యని చెప్పిన శంకరులును, నిజమని చెప్పిన రామానుజులును జగత్తునందు సోమరితనమునకు అనుమతి యీయలేదు. వైష్ణవమును వరించిన పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టినది ఈ లీలాభూమియందే.

రెండవ తప్పు మరింత గాఢమైనది. ఆడువాడు తెరకు వెలుపల నున్నాడు, మనము తెరలోపల నున్నాము. వెలుపలివానికి గోడ చుక్కలగుంపు. లోపలి వీరునికి అది గోడయే, నుదురు తగిలియే తీరును. చిత్రించిన కత్తి చిత్రించిన తలను నరకును. నా ఆకలి ఏ అంతస్తు సత్యమో నా పొరుగువాని ఆకలియు ఆ అంతస్తు సత్యమే. నా అన్నమును వ్యవహారసత్యముగా భుజించి వాని పస్తును మాయగా కొట్టివేయుట వేదాంతము కాదు, లెక్కలో మోసము. మేలుకొనువరకు కలలోని వ్యవహారము కలలో సాగునట్లు, బ్రహ్మజ్ఞానము కలుగువరకు లౌకికవైదిక వ్యవహారములన్నియు ప్రమాణములే యని శంకరులే స్పష్టముగా వ్రాసిరి. ఆటలో వీరునికి మూడు ప్రాణము లుండును. ఒకటి పోయినచో మరల మొదటినుండి ఆడవచ్చును. చేనిగట్టుమీద పడిపోయిన రైతునకు ఆ వసతి లేదు. పోలిక ఇచ్చట తెగిపోవుచున్నది. తెగిపోయినచోటును దాటి దానిని లాగుట పాపమని నా నిశ్చయము.

కొండవీటి గోపమంత్రి ప్రబోధచంద్రోదయమును వ్యాఖ్యానించుచు కోటను ఏలుటలో వైరుధ్యము లేదని ఇప్పుడు నాకు తోచుచున్నది. చిత్రమని తెలిసినవాడు చిత్రమును పాడుచేయడు. అతుకును నడిమికి తెచ్చి మాన్పవలసిన చోటును వాడే ఎరుగును.

నాదెండ్లకు చేరువనే కోటప్పకొండపై త్రికోటేశ్వరుని దక్షిణామూర్తి స్వరూపముగా కొలుతురు. మౌనముచే బోధించిన ఆ గురువుపేర వెలసిన స్తోత్రమున జగత్తు అద్దములోని నగరముగా వర్ణితమైనది. శివరాత్రికి చుట్టుపట్ల గ్రామములవారు ఎత్తైన ప్రభలను కట్టి, రంగులతో దీపములతో అలంకరించి ఆ కొండకు నడిపింతురు. ఒక్క రాత్రికొరకు నెలల శ్రమ! అట్టి సీమలో పుట్టిన పిల్లలకు లీలాశ్రద్ధ క్రొత్తగా నేర్పవలసినది కాదు. ఆటలలో నేడు మన పిల్లలు చూచెడి రాళ్లు, గోడలు, చెట్లు చాలవరకు ఇతర దేశములవారు తమ నేలను చూచి గీసికొన్నవి; నాపరాతిపలకల పరుపు, నెఱ్ఱెలువిచ్చిన రేగడి, ప్రభకు చుట్టిన రంగుబట్టలు వానిలో లేవు. అడ్డము నిలువు 64 చుక్కల చదరమున ఇవన్నియు పట్టును. కావున ఈ ప్రాంతపు ఉపాధ్యాయులకు నాదొక విన్నపము: మీ పాఠశాలలో ఏ బాలికయైనను కంప్యూటరు ముందు కూర్చుండి రాయి గీయుచున్నచో, పాఠము మాని ఆటబొమ్మలేమని గద్దింపకుడు, ప్రక్కను నిలిచి, ఈ రాతిపై వెలుతురు ఎటునుండి పడుచున్నదమ్మా యని అడుగుడు, ఆమె చెప్పెడి సమాధానమును ఓపికగా వినుడు.